తొమ్మిదో గుంజ దగ్గర వంపు

ముప్పై ఒక్క ఏళ్లు ఉత్తరాలు పంచిన కాళ్లని
కమిటీ నన్నే దారి గీయమంది.
జిల్లా ఆఫీసు డబ్బిచ్చింది
పదకొండు గుంజలకీ, రెండు డబ్బాల పసుపు రంగుకీ,
ఒక కరపత్రానికీ.
ఐదు కిలోమీటర్లు దాటకూడదు,
పిల్లలూ ముసలివాళ్లూ నడవగలగాలి,
ప్రతి గుంజ దగ్గరా చూడ్డానికి ఏదో ఒకటి ఉండాలి.

చూడ్డానికి మా ఊళ్లో ఏముంది?
వానే. ఐర్లండ్ పడమటి అంచున అది
ఎవరి అనుమతీ అడక్కుండా అందరి పొలాల్లోనూ నడుస్తుంది.

అయినా మొదలుపెట్టాను.
ఒకటి, కొలిమి కొట్టు. ఇప్పుడక్కడ డెర్విలా సైకిళ్లు బాగుచేస్తుంది,
దాగలి మీద టీ కప్పు పెట్టుకుంటుంది.
సున్నపు బట్టీ నోట్లో ముళ్లపొద మొలిచింది, దాన్ని కొట్టెయ్యలేదు.
నాలుగోది గంజి గోడ.
బంగాళాదుంపలు నేలలోనే కుళ్లిపోయిన ఏళ్లలో
గుప్పెడు మొక్కజొన్న పిండి కోసం
మనుషులు రాళ్లు మోసి కట్టింది.
దేన్నీ కాపాడదు, దేన్నీ వేరు చేయదు,
సగం కొండెక్కి ఆగిపోతుంది,
పిండి అయిపోయిందో, మనుషులే అయిపోయారో.
కరపత్రం రాసే ఫింటన్ "పొడవెంత?" అన్నాడు.
రెండు వందల పన్నెండు అడుగులు.
అంతే రాసుకున్నాడు.

ఊరందరిదీ ఒక దారి, మలకీది ఒక దారి.
తన పొలంలోంచి వద్దన్నాడు. ఎద్దుందన్నాడు.
ఆ ఎద్దు చచ్చి నాలుగేళ్లయింది,
దాని ఇన్సూరెన్సు కవరు ఇచ్చింది నేనే.
ఆ మాట ఎత్తలేదు. మూడు శనివారాలు
అతని కూలిన రాతికంచె పేర్చాను. నాలుగో శనివారం
గేటుకి తాళం లేదు.

అలా తొమ్మిది దాకా వచ్చాం.

తొమ్మిది దగ్గర ఏమీ లేదు.
గుండ్రటి గట్టు, లోపల గడ్డి,
మోకాలెత్తు రాని రాళ్లు, ఒక్కదాని మీదా అక్షరం లేదు.
ఊళ్లో ప్రతివాడికీ తెలుసు, ఎవరూ వేలెత్తి చూపరు.
జ్ఞానస్నానం అందకముందే పోయిన పసికందుల్ని
చర్చి నేల ఒప్పుకోని రోజుల్లో
చీకటి పడ్డాక తండ్రులు
సబ్బుపెట్టెల్లో ఇక్కడికి తెచ్చేవాళ్లు.

ఫింటన్ బోర్డు పెడదామన్నాడు, మంచి మనసుతోనే.
అప్పుడు లేచింది కాన్సెప్టా, ఎనభై నాలుగేళ్ల మనిషి,
టీ పోయడానికి తప్ప ఏ మీటింగులోనూ లేవనిది.
"మా అమ్మ అరవై ఏళ్లు నోట్లో దాచుకున్నదాన్ని
మీరు మేకు కొట్టి వేలాడదీయకండి."
తీర్మానం ఏమీ రాయలేదు. కప్పుల్లో టీ చల్లారింది.

మర్నాడు నేను దారిని వంచాను.
సూటిగా పోవాల్సింది గట్టు చుట్టూ తిరిగొస్తుంది,
మ్యాపులో చూస్తే చెవిలా ఉంటుంది.
గుంజ పాతాను, అంకె వేశాను,
కరపత్రంలో తొమ్మిదికి ఎదురుగా ఖాళీ.
ఏదో ఎగిరిపోయిందని ప్రెస్సువాడు ఫోన్ చేశాడు.
ఎగరలేదయ్యా, అలాగే వెయ్యి, అన్నాను.

ప్రారంభం రోజు నలభై మంది, ఆరు గొడుగులు, ఒక కుక్క.
డబ్లిన్ నుంచొచ్చిన పిల్ల, ఏడేళ్లుంటాయేమో,
"ఇక్కడెందుకు చుట్టు తిరగాలి?" అని గట్టిగా అడిగింది.
నేల చిత్తడి అనబోయాను నేను.
కాన్సెప్టా కర్ర ఆనించి నిలబడింది.
"మా తమ్ముడు పడుకున్నాడు."
"వాడి పేరేంటి?"
"పెట్టనివ్వలేదు."
అందరూ తమ తమ బూట్లు చూసుకున్నారు.
"నేను మాత్రం కోల్మన్ అనుకుంటా" అంది,
ఆ పేరు బయట ఎలా వినిపిస్తుందో
తనకీ అప్పుడే తెలిసినట్టు.

పిల్ల గట్టు వైపు చెయ్యి ఊపింది,
స్కూలు బస్సులో వాళ్లకి ఊపినట్టు.
తర్వాత పది, మిల్లు. చక్రం లేదు, నీళ్లున్నాయి.

రంగు అర డబ్బా మిగిలింది, షెడ్డులో ఉంది.
వానకి బాణాలు వెలిసిపోతాయి, ఏటా దిద్దాలి.
మొన్న దిద్దడానికే వెళ్తే
తొమ్మిదో గుంజ దగ్గర, వంపులోంచి గట్టు దాకా,
గడ్డిలో ఒక సన్నటి చీలిక.
అది నేను గీసింది కాదు.